పాలపళ్లు ఇంకా ఉన్న పాపకు క్లియర్ అలైనర్లు: 22 ట్రేల ప్లాన్ వచ్చింది, ఎంతవరకు అవసరం?

నల్లగొండ_బీడీఎస్:

సీనియర్లందరికీ నమస్తే. ఒక పాప కేసు పెడుతున్నాను, దయచేసి సలహా ఇవ్వండి.

వయసు 8 ఏళ్ల 9 నెలలు. ముందుపళ్లు పైన నాలుగు, కింద నాలుగు పూర్తిగా వచ్చాయి. ఆరేళ్ల దవడపళ్లు నాలుగూ వచ్చాయి. పాలకోరలు, పాలదవడపళ్లు అన్నీ నోట్లోనే ఉన్నాయి, ఏదీ ఊగడం లేదు. ఓపీజీలో (రెండు దవడలూ కనిపించే ఎక్స్‌రే) లోపలి పళ్లన్నీ కనిపిస్తున్నాయి, అదనపు పన్ను లేదు.

సమస్య పైదవడలో కుడివైపు. 12 నంబరు పన్ను (పైన కుడివైపు మధ్యపన్ను పక్కది) అంగిలి వైపు వచ్చి కింది పన్ను వెనక్కి కొరుకుతోంది. ఆ పన్ను వెడల్పు 6.8 మి.మీ., దానికి ఉన్న చోటు 5 మి.మీ. కుడివైపు దవడపళ్లు అంచుకు అంచు తగులుతున్నాయి. నోరు మూసేటప్పుడు కిందిదవడ కుడికి 2 మి.మీ. దాకా జరుగుతోంది. పైన మధ్యలో సందు 1.5 మి.మీ. కింది ముందుపళ్లకు 2.5 మి.మీ. చోటు చాలడం లేదు. 16, 26 (పైన కుడి, ఎడమ ఆరేళ్ల దవడపళ్లు) మధ్య అంగిలి వైపు చిగురు దగ్గర కొలిస్తే 31.5 మి.మీ. వచ్చింది. ముందుపళ్ల మీద ఫ్లోరోసిస్ తెల్లమచ్చలు, అక్కడక్కడ గోధుమరంగు.

తీగలు, క్లిప్పులు వద్దని వాళ్లమ్మ గారు గట్టిగా అంటున్నారు. స్కాన్ పంపితే అలైనర్ల (తీసిపెట్టే పారదర్శక ట్రేల) కంపెనీ నుంచి పైకీ కిందికీ కలిపి 22 స్టేజీల ప్లాన్ వచ్చింది, అంటే వరుసగా మార్చే 22 ట్రేలు. నా సందేహాలు: అసలు ఈ వయసులో మొదలుపెట్టాలా, ఆగాలా? పాలపళ్ల మీద, మచ్చలున్న పళ్ల మీద అటాచ్‌మెంట్లు (ట్రే పట్టు కోసం అంటించే చిన్న బుడిపెలు) నిలుస్తాయా? మధ్యలో పాలపన్ను ఊడితే ట్రే ఏమవుతుంది? ఇంట్లో వాళ్లకు ఏం చెప్పి పంపాలి?

ఆర్థో_గుంటూరు:

కొలతలన్నీ పెట్టి అడిగారు, చాలా సంతోషం. సగం జవాబు అందులోనే ఉంది.

ముందు మొదలుపెట్టాలా అన్న ప్రశ్న. ఎత్తుపళ్లు మాత్రమే అయితే తొందరేమీ లేదు. పళ్లన్నీ వచ్చాక ఒకేసారి చేసినా చివరి ఫలితం దాదాపు అదే. ముందుగా చేస్తే ముందుపళ్లు దెబ్బ తగిలి విరిగే ప్రమాదం తగ్గుతుంది, అంతే. మీ కేసు అది కాదు. నోరు మూసేటప్పుడు దవడ పక్కకు జరుగుతోంది. దీన్ని వదిలేస్తే ఎదిగే దవడ ఆ వంకరకే అలవాటు పడుతుంది, 12కు ఎదురుగా ఉన్న కింది పన్ను చిగురు కూడా దిగిపోవచ్చు. కాబట్టి ఇప్పుడే చేయాల్సిందే. అయితే ఆ జరుగుడు నిజమేనా అని ఒకసారి ఖాయం చేసుకోండి. పాపను నాలుక కొన మడిచి అంగిలి వెనక తాకించమని, అలాగే మెల్లగా నోరు మూయమనండి. మొదట ఏ పన్ను తగిలిందో, అప్పుడు మధ్యరేఖ ఎక్కడుందో చూడండి. పూర్తిగా కొరికాక మళ్లీ చూడండి. మొదటి తాకిడిలో మధ్యరేఖలు కలిసి, తర్వాత పక్కకు పోతే అది జరుగుడే.

రెండోది, ట్రేనా, ఎక్స్‌పాండరా (పైదవడను వెడల్పు చేసే స్క్రూ పరికరం)? మిశ్రమ దంతాల వయసులో (పాలపళ్లు, శాశ్వత పళ్లు కలిసి ఉన్నప్పుడు) 16, 26 మధ్య కొలత 33 నుంచి 35 ఉంటే సరిపోతుందని, 31 లోపు ఉంటే ఇరుకని ఆర్థోడాంటిస్ట్ మెక్‌నమారా లెక్క. మీది మధ్యలో ఉంది. అంకె ఒక్కటే చూసి తేల్చకండి. పాపను వెనక్కి పడుకోబెట్టి 16, 26 ఎటు వాలి ఉన్నాయో చూడండి. నిటారుగానో, అంగిలి వైపు వాలో ఉంటే ట్రే వాటిని బయటికి నిలబెట్టగలదు. ఇప్పటికే బుగ్గవైపు వాలి ఉండి, అయినా ఇరుకుగా ఉంటే లోపం ఎముకలో ఉన్నట్టు. అక్కడ ట్రే వేస్తే పళ్లు ఇంకా వాలి, లోపలి గుబ్బలు కిందికి వేలాడి, కొరుకు తెరుచుకుంటుంది. అలాంటి కేసుకు బ్యాండ్లతో (పన్ను చుట్టూ వేసే స్టీలు పట్టీలు) స్క్రూ ఎక్స్‌పాండరే సరైన దారి. రోజుకు ఒక తిప్పు, తిప్పుకు 0.25 మి.మీ., ఆ తర్వాత దాన్ని కదపకుండా 5, 6 నెలలు నోట్లోనే ఉంచాలి. అమ్మగారికి తీగ ఇష్టం లేకపోయినా ఆ మాట చెప్పక తప్పదు.

ఇక 22 స్టేజీలు. కింది ట్రేలు మొత్తం తీసేయించండి. కింద ఒక్కో పక్క పాలకోర, పాలదవడపళ్ల వెడల్పు కలిపితే, వాటి చోట వచ్చే శాశ్వత పళ్లకన్నా సగటున 1.7 మి.మీ. ఎక్కువ. రెండు పక్కలా కలిపి 3.4. మీకు కావలసింది 2.5. అంటే చోటు నోట్లోనే ఉంది, జారిపోకుండా కాపాడుకుంటే చాలు. 36, 46 (కింది ఆరేళ్ల దవడపళ్లు) మీద బ్యాండ్లు, వాటి మధ్య నాలుక వైపు 0.9 మి.మీ. స్టీల్ తీగతో లింగ్వల్ ఆర్చ్. 75, 85 (కింది చివరి పాలదవడపళ్లు) ఊడకముందే అది నోట్లో ఉండాలి. అవి ఊడిన తర్వాత వేస్తే ఆరేళ్ల దవడపళ్లు అప్పటికే ముందుకు జరిగి ఉంటాయి. అది లోపలి వైపు ఉంటుంది, బయటికి కనిపించదు, పాప తీసి పారేసే వీలూ లేదు.

మధ్య సందు ముట్టుకోవద్దు. ఈ వయసులో 2 మి.మీ. దాకా సందు కోరపళ్లు దిగేటప్పుడు చాలావరకు దానంతట అదే మూసుకుంటుంది. డిజైన్‌లో మాత్రం ఎవరూ చెప్పకపోతే సందు మూసేస్తారు. సందు మూయడానికి 12, 22లను (మధ్యపళ్లకు రెండు పక్కలా ఉన్నవి) మధ్యకు వాల్చారనుకోండి, వాటి వేళ్లు వెనక్కి పోయి లోపల దిగుతున్న కోరపన్ను తలకు గుద్దుకుంటాయి. వేరు అరిగిపోయేది అక్కడే. ఈ ఒక్క సంగతి మీరు స్వయంగా ప్లాన్‌లో తిప్పి చూసి ఆమోదించండి, ఎవరికీ వదలొద్దు.

పైదవడ లెక్క ఇలా వస్తుంది. 31.5ను 34.5కు తేవాలి, అంటే ఒక్కో పక్కకు 1.5 మి.మీ. తెర మీద చూపించిన వెడల్పు మొత్తం నోట్లో రాదు, వెనక దవడపళ్ల దగ్గర ఇంకా తక్కువ వస్తుంది. అందుకని ఒక్కో పక్కకు 2 మి.మీ. రాయండి, దవడపళ్లకు వేరు బుగ్గవైపు తిరిగేలా టార్క్ అడగండి. ట్రేకు 0.2 చొప్పున 10 ట్రేలు. 3 మి.మీ. వెడల్పు పెరిగితే ఆర్చ్ (పళ్ల వరుస) చుట్టుకొలతలో సుమారు 2 మి.మీ. దొరుకుతుంది. 12కు తక్కువైంది 1.8. సరిపోయింది. మొదటి 5 ట్రేల్లో వెడల్పు మాత్రమే, ఆరో ట్రే నుంచి 12 కదలాలి. చోటు రాకముందే దాన్ని బయటికి తోస్తే పక్కపళ్లకు ఇరుక్కుని అక్కడే నిలిచిపోతుంది, ట్రే మాత్రం ముందుకు పోతుంది. 12కు 2.5 మి.మీ. కదలిక, అంటే 13 ట్రేలు. మొత్తం 18, పైన మాత్రమే.

పిల్లల_పళ్ల_డాక్టర్_విశాఖ:

గుంటూరు సర్ ప్లాన్ చెప్పారు కాబట్టి అటాచ్‌మెంట్ల సంగతి నేను చెబుతాను. ట్రే ఫెయిలయ్యేది ఎక్కువగా అక్కడే.

పాలదవడపన్ను పొట్టిగా, చిగురు దగ్గర ఉబ్బుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. ట్రే పట్టుకోవడానికి దాని మీద గట్టి అంచు ఉండదు. అందుకే 54, 55, 64, 65 (పై పాలదవడపళ్లు) మీద అడ్డంగా 3 మి.మీ. పొడవు అటాచ్‌మెంట్ కావాలి. పెట్టే ముందు ఓపీజీలో ఆ పన్ను వేరు ఎంత మిగిలిందో చూడండి. సగానికన్నా తక్కువ మిగిలి ఉంటే దాని మీద పెట్టకండి. ట్రే తీసిన ప్రతిసారీ అటాచ్‌మెంట్ పన్నును లాగుతుంది, పాపకు నొప్పి, పన్ను ముందే ఊగడం మొదలవుతుంది. పాలకోరల మీద అసలు వద్దు.

పాప కేసులో 12 బయటివైపున ఇప్పుడే అటాచ్‌మెంట్ పెట్టొద్దు. ఆ పన్ను కింది పన్ను వెనక ఉంది కదా, నోరు మూసినప్పుడల్లా కింది పన్ను అంచు ఆ అటాచ్‌మెంట్ కాంపోజిట్‌కే (పన్నురంగు రెజిన్) కొట్టుకుంటుంది. రెండు రోజుల్లో ఊడుతుంది, లేకపోతే కింది పన్ను ఊగుతుంది. మొదట అంగిలి వైపు నుంచి ట్రే ఒత్తిడితోనే కదపండి. కింది పన్నును దాటి ముందుకు వచ్చాక అవసరమైతే పెట్టుకోవచ్చు. దాటడానికి కొరుకు కొంచెం ఎత్తాలి. ట్రే మందం 0.75 మి.మీ. మాత్రమే, అదీ పైన ఒక్కటే. 75, 85 మీద గ్లాస్ అయనోమర్ సిమెంటు 1.5 మి.మీ. ఎత్తున వేయండి, రెండు పక్కలా సమానంగా. రెండు మూడు రోజులు నమలడం ఇబ్బందిగా ఉంటుందని, మెత్తటి అన్నం, ఇడ్లీ పెట్టమని ముందే చెప్పండి. 12 దాటిన తర్వాత గీకి తీసేయాలి.

ఇప్పుడు మచ్చల సంగతి. నల్లగొండలోనే కాదు, ఆంధ్రలో కనిగిరి, పొదిలి, దర్శి వైపు పనిచేసే డాక్టర్లందరికీ ఇది ఎదురవుతుంది. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ పైపొర యాసిడ్‌కు త్వరగా కరగదు. మామూలు పన్ను మీద 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ పెట్టి కడిగి ఆరబెడితే సుద్దముక్కలా తెల్లగా, మసకగా కనిపిస్తుంది. ఫ్లోరోసిస్ పన్ను మీద అంతే సేపు పెడితే ఆ మసక అక్కడక్కడే వస్తుంది, మిగతాది మెరుస్తూనే ఉంటుంది. ఆ మెరిసేచోట అంటించినది నిలవదు. పైగా మచ్చ ముందునుంచే తెల్లగా ఉండడంతో యాసిడ్ పట్టిందని పొరబడతాం. గాలితో పూర్తిగా ఆరబెట్టి, లైటు పక్కనుంచి పట్టుకుని చూస్తే మెరుపుకూ మసకకూ తేడా తెలుస్తుంది.

నేను చెప్పే వరుస ఇది. నూనె, ఫ్లోరైడ్ లేని ప్యూమిస్ పొడితో రుద్ది కడగండి. 50 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడ్ పొడితో 2, 3 సెకన్లు కొట్టండి, చిగురుకు తగలనివ్వకుండా, సక్షన్ దగ్గరగా పెట్టి. యాసిడ్ పాలపళ్లకు 30 సెకన్లు, మచ్చలున్న శాశ్వత పళ్లకు 60 సెకన్లు. 20 సెకన్లు కడిగి ఆరబెట్టి చూడండి. మసక సమానంగా రాకపోతే మళ్లీ 30 సెకన్లు. బాండ్ (అంటించే ద్రవం) పలచగా. టెంప్లేట్ (అటాచ్‌మెంట్ల అచ్చు) గుంటల్లో కాంపోజిట్ అంచుకు సమానంగానే నింపండి. పొంగితే పన్ను చుట్టూ పలచటి పొరలా పరుచుకుంటుంది, తర్వాత ట్రే పూర్తిగా కూర్చోదు, పాప సరిగ్గా పెట్టుకోవడం లేదని మనం పాపనే అంటాం. టెంప్లేట్‌ను కుడి, ఎడమ ముక్కలుగా కత్తిరించి ఒక్కో పక్క వేయండి. ఎనిమిదేళ్ల పిల్ల నోట్లో ఒకేసారి మొత్తం పొడిగా ఉంచడం కుదరదు.

అటాచ్‌మెంట్లు మొదటిరోజే పెట్టకండి. ఒకటో ట్రే ఒట్టిదే ఇచ్చి పంపండి. వారంలో పాపకు తీయడం, పెట్టడం అలవాటవుతుంది. రెండో ట్రేకు పెట్టండి.

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే, కానీ ఇక్కడ వర్తించదు. ఈ మచ్చలు ఎనామిల్ తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల వస్తాయి. బయటికి వచ్చేసిన పన్నుకు పేస్ట్ వల్ల గానీ వార్నిష్ వల్ల గానీ ఫ్లోరోసిస్ రాదు. ట్రే కింద పన్ను పుచ్చిపోకుండా 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్ట్ బఠాణీగింజంత, రోజుకు రెండుసార్లు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ 3 నెలలకోసారి మీరే వేయండి. పేస్ట్ మింగకుండా ఉమ్మేస్తోందో లేదో వాళ్లమ్మ గారిని పక్కన నిలబడి చూడమనండి.

ట్రే_డిజైన్_హైదరాబాద్:

ప్లాన్ తయారుచేసే వైపు నుంచి కొన్ని మాటలు, డాక్టర్ గారూ.

స్కాన్ తీసిన రోజుకూ ట్రే చేతికి వచ్చే రోజుకూ మధ్య మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. పెద్దవాళ్లకు ఆ నెల లెక్కలోకి రాదు. పిల్లలకు వస్తుంది. ముందుపన్ను ఇంకా దిగుతూ ఉన్నప్పుడు స్కాన్ తీస్తే, ట్రే వచ్చేసరికి పన్ను దిగి ట్రే అంచు మీద కూర్చుంటుంది. మీ పాపకు ముందుపళ్లు పూర్తిగా వచ్చాయి, తర్వాత రావాల్సినవి 9, 10 ఏళ్ల మధ్య కింది కోరలు, 10 దాటాక మిగతావి. ఇప్పుడు నోట్లో ఏ పన్నూ రాని విరామం నడుస్తోంది. 18 వారాల పని ఈ విరామంలోనే ముగించాలి. పాత స్కాన్ ఆరు వారాలు దాటి ఉంటే దాని మీద ఆర్డర్ పెట్టకండి, మళ్లీ తీయండి.

స్కాన్‌లో పిల్లలకు తరచూ తప్పేది ఆరేళ్ల దవడపన్ను వెనకవైపు. దాని వెనక పన్ను లేదు, అక్కడ చిగురు మూతలా కప్పి ఉంటుంది. ఆ వెనక గోడ స్కాన్‌లో రాకపోతే ట్రే చివర వదులుగా వస్తుంది. వెడల్పు పెంచే బలమంతా పడేది ఆ చివరే. గాలి ఊది, బుగ్గ బాగా లాగి తీయండి. చిగురు 3 మి.మీ. దాకా, అంగిలి మొత్తం రావాలి.

ఆర్డర్‌లో మీరు ప్రత్యేకంగా రాయాల్సినవి: పైదవడ మాత్రమే. మధ్య సందు 1.5 అలాగే ఉంచాలి. 12, 22 వేళ్లు వెనక్కి వాలకూడదు. ట్రే అంచు చిగురు వంపు వెంట కాకుండా, చిగురు మీద 2 మి.మీ. పైన తిన్నగా కత్తిరించాలి. పొట్టి పళ్లకు ఆ 2 మి.మీ. పట్టు చాలా తేడా తెస్తుంది. 2018లో పిల్లల అలైనర్ ఇన్విజలైన్ ఫస్ట్ వచ్చినప్పటి నుంచి పిల్లల ప్లాన్లలో రాబోయే పన్నుకు ట్రేలో ఖాళీ గది ఉంచడం మామూలైంది. మిగతా కంపెనీల్లో చేసే సదుపాయం ఉన్నా, అడిగితేనే చేస్తారు.

పాలపన్ను ఊడితే ఏమవుతుందని అడిగారు. ఊడిన చోట ట్రేలో ఆ పన్ను ఆకారం ఖాళీగా ఉంటుంది. ఏమీ కాదు, వాడుతూనే ఉండొచ్చు, రెండు పక్కలా చోటు కూడా కాపాడుతుంది. తేడా వచ్చేది కొత్త పన్ను బయటపడ్డాక. అది మనం ఉంచిన గదిలోకే వస్తే సరే. గది గోడకు తగిలితే రెండు రకాలుగా తెలుస్తుంది: ట్రే ఆ పక్క ఎత్తుగా నిలబడుతుంది, లేదా ఆ పన్ను రాక ఆగిపోతుంది. అప్పుడు కార్బైడ్ బర్‌తో ఆ పన్ను మీద కిటికీలా కోసి, అంచు నున్నగా రుద్ది ఇవ్వండి. మిగిలిన ట్రేలన్నిటికీ అదే చోట కోయాలి, ఒక్కదానికి కోసి వదిలేస్తే వచ్చే వారం మళ్లీ అదే కథ.

ఇంకొకటి, 18 ట్రేలూ ఒకేసారి ముద్రించి తెప్పించకండి. మొదట 9 తెప్పించండి. ఎనిమిదో ట్రే దగ్గర మళ్లీ స్కాన్ తీస్తే, వెడల్పు నిజంగా ఎంత వచ్చిందో అంకెల్లో కనిపిస్తుంది. తక్కువైతే మిగతా వాటిలో కలుపుకోవచ్చు.

సర్కారీ_ఆర్థో:

ఒక మాట అడగకుండా ఉండలేను. దవడపళ్లు అంచుకు అంచు లేకుండా 12 ఒక్కటే వెనక ఉండి ఉంటే, ఇంత ఖర్చుతో ట్రేలు పెట్టించడం ఆ కుటుంబానికి అన్యాయం. వెనకపళ్ల మీద ఎత్తు ఉన్న తీసిపెట్టే ప్లేటు, 12 వెనక 0.5 మి.మీ. తీగతో జెడ్ స్ప్రింగ్, నెలకు 1 మి.మీ. కదలిక. లేదా ఆరేళ్ల దవడపళ్లకు బ్యాండ్లు, నాలుగు ముందుపళ్లకు బ్రాకెట్లు. మూడు నాలుగు నెలల్లో పని పూర్తవుతుంది. ఈ కేసులో వెడల్పు కూడా కావాలి కాబట్టి ట్రేకు అర్థముంది. చదివే వాళ్లు ప్రతి వంకర పన్నుకూ ఇదే దారి అనుకోకూడదని రాస్తున్నాను. స్క్రూ ఉన్న ప్లేటుతోనూ ఈ వెడల్పు వస్తుంది, కానీ దానితో మాట్లాడటం కష్టం, స్కూల్లో తీసి సంచిలో పెట్టేస్తారు. ఆ లెక్కన ట్రే మెరుగు.

పాప నిద్రలో నోరు తెరిచి ఊపిరి తీస్తుందా? టాన్సిల్స్, అడినాయిడ్స్ ఉన్నాయేమో ఈఎన్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించండి. నోరు తెరిచే అలవాటు అలాగే ఉంటే పెంచిన వెడల్పు నిలవడం కష్టం.

నల్లగొండ_బీడీఎస్:

అందరికీ ధన్యవాదాలు. పడుకోబెట్టి చూశాను, 16, 26 అంగిలి వైపు కొద్దిగా వాలి ఉన్నాయి. నాలుక మడిచి మూయిస్తే మొదట 12 తగులుతోంది, అక్కడ మధ్యరేఖలు కలుస్తున్నాయి, తర్వాత కుడికి జరుగుతోంది. రాత్రి నోరు మూసే నిద్రపోతుందట. కింది ట్రేలు తీయించేశాను, లింగ్వల్ ఆర్చ్‌కు అమ్మగారు ఒప్పుకున్నారు.

మిగిలినవి రెండు. స్కూలుకు పోయే పిల్ల ట్రేను రోజుకు 22 గంటలు ఎలా పెట్టుకుంటుంది? ట్రే పోతే ఏం చేయాలి? ఇంకా, ఇది అయ్యాక మళ్లీ ట్రీట్‌మెంట్ ఉంటుందా అని అమ్మగారు అడుగుతున్నారు.

పిల్లల_పళ్ల_డాక్టర్_విశాఖ:

22 అని చెప్పండి, 20 వస్తాయి. పొద్దున టిఫిన్, స్కూల్లో లంచ్, సాయంత్రం పాలు, రాత్రి భోజనం, ఒక్కోదానికి అరగంట చొప్పున రెండు గంటలు. తోముకోవడం కలిపితే ఇంకో అరగంట. ఆటల మధ్య చిరుతిళ్లు లేకుండా చూసుకోవాలి, గంటలు పోయేది అక్కడే. రోజుకు 18 గంటల లోపు వస్తోందని తెలిస్తే ట్రేను 7 రోజులకు మార్చకండి, 10 రోజులకు మార్చండి.

ట్రే పెట్టుకుని మంచినీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. బూస్ట్, రాగిజావ, జ్యూస్ ఏదైనా సరే. ట్రే లోపలికి చేరిన తీపిని ఉమ్మి కడగలేదు, పన్ను మీద గంటల తరబడి నిలుస్తుంది. పప్పు, కూర తిన్నాక పుక్కిలించకుండా పెడితే పసుపు పట్టి ట్రే రెండు రోజుల్లో పచ్చబడుతుంది. నష్టం లేదు గానీ పిల్లలు సిగ్గుపడి పెట్టుకోవడం మానేస్తారు, అదీ అసలు నష్టం. చల్లనీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. వేడినీళ్లలో వేస్తే ఆకారం పోతుంది, తర్వాత ఎంత నొక్కినా కూర్చోదు.

లంచ్ బాక్సు సంచిలో ట్రే డబ్బా వేరుగా, గట్టి మూతతో, పాప పేరు రాసి పెట్టమనండి. టిష్యూలో చుట్టిన ట్రే చెత్తబుట్టలోకే పోతుంది. కొత్త ట్రే వేసిన మొదటి మూడు రోజులు పొద్దున, రాత్రి 5 నిమిషాల చొప్పున చ్యూయీ (ట్రే కూర్చోవడానికి కొరికే మెత్తటి రోల్) కొరికించండి, 12 దగ్గర ఎక్కువసేపు.

ట్రే పోతే: వారంలో 5 రోజులు వాడి ఉంటే తర్వాతి ట్రేకు వెళ్లండి. అంతకన్నా తక్కువైతే పాతది పెట్టించి ఫోన్ చేయమనండి. అందుకే అంతకుముందు ట్రే ఎప్పుడూ పారేయకూడదు.

ఆర్థో_గుంటూరు:

మళ్లీ ఉంటుంది, ఆ మాట మొదటిరోజే కాగితం మీద రాసి సంతకం చేయించుకోండి. ఇప్పుడు చేసేది మొదటి దశ. దీని పని మూడే: దవడ జరుగుడు ఆపడం, 12ను బయటికి తేవడం, కింది చోటు కాపాడడం. పన్నెండు, పదమూడేళ్లకు పళ్లన్నీ వచ్చాక క్లిప్పులో ట్రేలో మళ్లీ అవసరం పడొచ్చు. ఇప్పటి ట్రేలతో శాశ్వతంగా అయిపోతుందని ఎవరైనా అమ్మితే అది తప్పు.

నాలుగు వారాలకోసారి పిలిచి రెండే చూడండి. ట్రే పెట్టాక 12 అంచుకూ ట్రేకూ మధ్య ఖాళీ. అరమిల్లీమీటరు ఉంటే అదే ట్రే ఇంకో వారం, చ్యూయీతో. ఒక మిల్లీమీటరు దాటితే రెండు ట్రేలు వెనక్కి వెళ్లండి, కూర్చోకపోతే మళ్లీ స్కాన్. రెండోది, నాలుక మడిచి మూయించి జరుగుడు తగ్గుతోందా లేదా. 12 కింది పన్నును దాటే రెండు మూడు వారాల్లో అంచుకు అంచు తగిలి ఊగుతుంది. అది సహజం, కానీ పాపకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే భయపడి ట్రే తీసేస్తుంది.

పని అయ్యాక 12 కింది పన్నును నిలువుగా 2 మి.మీ. కప్పుతూ ఉంటే ఆ పన్నుకు వేరే కాపలా అక్కర్లేదు, కింది పన్నే దాన్ని పట్టుకుంటుంది. వెడల్పుకు మాత్రం కావాలి. ట్రే లాంటి పారదర్శక రిటైనర్ ఇవ్వకండి, వచ్చే పళ్లను అది అడ్డుకుంటుంది. 16, 26 మీద ఆడమ్స్ క్లాస్పులతో (పన్నును పట్టే తీగ కొక్కేలు) హాలీ ప్లేటు (తీసిపెట్టే అక్రిలిక్ ప్లేటు), మూడు నెలలు రోజంతా, ఇంకో మూడు నెలలు రాత్రిపూట. పాలపళ్లు ఊగడం మొదలైన చోట అక్రిలిక్ రుద్ది తీసేస్తూ ఉండండి.

ఆ తర్వాత పాపను వదిలేయకండి. పదేళ్లు నిండేసరికి పైన రెండు పక్కలా పాలకోర పైన చిగురు మీద చూపుడువేలు పెట్టి తడిమి చూడండి, లోపలి కోరపన్ను ఉబ్బు చేతికి తగలాలి. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే ఓపీజీ తీయండి. కోరపన్ను అంగిలి వైపు పోతున్నట్టు కనిపిస్తే ఆ పక్క పాలకోర తీసేయడమే మొదటి మందు. స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, కురోల్ 1988లో చూపిన లెక్కలో అలా తీసిన వాటిలో 78 శాతం దారికి వచ్చాయి. కోరపన్ను తల పక్క ముందుపన్ను వేరు సగాన్ని దాటకముందు తీస్తే 91 శాతం, దాటాక తీస్తే 64 శాతం. ఆ ఓపీజీ తీయించే తేదీ ఇప్పుడే కేసు షీటు మీద రాసి పెట్టుకోండి.